బరువు, గేరు, బోరు నీళ్ళు

గుంతకల్లు ప్రాంతంలో పాత పికప్ బండి కొనదలచినవారు అమ్మేవారిని అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడే: ఏ సంవత్సరపు మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంతకు ఇస్తారు. ఇంజన్ ఏ తరానికి చెందింది, గేర్ బాక్సు ఇంతకాలం ఎటువంటి బరువులు లాగింది, వెనుక ఇరుసులోని పళ్ళ లెక్క కొనేవారి పనికి సరిపోతుందా అన్న మాటలు మాత్రం అడ్వాన్సు చేతులు మారాక, బండి మెకానిక్ షెడ్డు చేరాక, మెకానిక్ నోట వినబడతాయి. ముందు క్యాబిను, వెనుక తెరిచిన తొట్టి ఉండి, ముప్పాతిక టన్ను మొదలు రెండు టన్నుల లోపు సరుకు మోసే చిన్న వాణిజ్య వాహనాన్ని ఇక్కడ పికప్ అంటున్నాము. అమెరికాలో ఇదే పేరుతో తిరిగే బండి సగం సరుకుకు, సగం సొంత ప్రయాణానికి. అనంతపురం జిల్లాలో అది ఒక కుటుంబపు బాడుగ ఆదాయం, తరచుగా ఫైనాన్సు కంతులతో ముడిపడిన ఆదాయం. కనుక ఇంజన్, గేర్ల ఎంపికను యంత్రాల మీద మోజున్నవారి చర్చగా భావించడం పొరపాటు. నెల కంతు కట్టగలిగేదీ లేనిదీ చివరకు తేల్చేది ఆ ఎంపికే.

ఇంజన్ బలం వేరు, ఆ బలాన్ని చక్రానికి అందించే పళ్ళ నిష్పత్తి వేరు అన్న సంగతి రైల్వే జంక్షనుగా ఎదిగిన గుంతకల్లుకు కొత్తది కాకూడదు. 1870ల తొలినాళ్ళలో మద్రాసు, బొంబాయి మార్గాలు కలిసిన నాటి నుంచి ఈ ఊరి బతుకు గూడ్సు బళ్ళతో, వాటిని లాగే ఇంజన్లతో ముడిపడి ఉంది. ప్రస్తుతం భారతీయ రైల్వేలలో గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9 విద్యుత్ లోకోను, ప్యాసింజరు రైళ్ళను లాగే డబ్ల్యూఏపీ-7ను పక్కపక్కన నిలిపి చూస్తే రెండింటి శక్తీ సుమారుగా ఒకటే, ఆరు వేల హార్స్ పవర్ పైమాటే. రెండోది మొదటిదాని నుంచి పుట్టినదే. వాటి మధ్య ప్రధానమైన తేడా పళ్ళ చక్రాలలో ఉంది: గూడ్సు ఇంజన్లో ఆ నిష్పత్తి 77:15, ప్యాసింజరు ఇంజన్లో 72:20. అంటే మొదటిదానిలో చక్రం ఒకసారి తిరగడానికి మోటారు అయిదుసార్లకు మించి తిరగాలి, రెండోదానిలో మూడున్నర చుట్లకు కాస్త ఎక్కువ తిరిగితే చాలు. మోటారు ఎక్కువ చుట్లు తిరిగినకొద్దీ లాగుడు పెరిగి వేగం తగ్గుతుంది, తక్కువ చుట్లు తిరిగితే వేగం పెరిగి లాగుడు తగ్గుతుంది. ఒకే శక్తి ఒకచోట బొగ్గు వ్యాగన్లను కదిలించేదిగానూ, మరొకచోట ఎక్స్‌ప్రెస్ రైలును పరుగెత్తించేదిగానూ మారిందంటే ఆ మార్పు చేసింది గేరు. ఇనుప పట్టాల మీద ఇంత స్పష్టంగా కనిపించే ఈ సంగతిని తారు రోడ్డు మీదికి వచ్చేసరికి మరిచిపోయి, హార్స్ పవర్ అంకెను మాత్రమే చూసి బేరమాడడం వింతే.

పికప్ విషయంలో హార్స్ పవర్ కంటే ముందు చూడవలసినది టార్క్. టార్క్ అంటే ఇంజన్ తన ఇరుసును తిప్పగలిగే బలం. దానిని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. ఆ బలాన్ని నిమిషానికి ఎన్ని చుట్ల వేగంతో ఇస్తుందో కలిపి లెక్కవేస్తే వచ్చేది హార్స్ పవర్. రాయలసీమ పల్లెల్లో ఎక్కువగా కనిపించే మహీంద్రా బొలెరో పికప్‌నే తీసుకుంటే, బీఎస్-4 కాలపు 2523 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ శక్తి డెబ్బై అయిదు హార్స్ పవర్ లోపే, అంటే నగరంలో తిరిగే చిన్న పెట్రోలు కారు శక్తికి అటూ ఇటూ. అయినా కారు మోయలేని టన్నున్నర బరువుతో అది మట్టి గట్టు ఎక్కుతుందంటే, దాని 195 న్యూటన్ మీటర్ల టార్క్ ఇంజన్ నిమిషానికి 1400 చుట్లు తిరుగుతున్నప్పుడే, అంటే డ్రైవరు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకముందే, అందుబాటులోకి రావడమే కారణం. సీమ తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి నిలిపే ఎద్దును పరుగు చూసి ఎవరూ కొనరు, మొదటి అడుగులో బండను కదిలించే సత్తువ చూసి కొంటారు. పికప్ ఇంజన్‌నూ ఆ చూపుతోనే చూడాలి. నిమిషానికి మూడు వేల చుట్లు దాటాక ఎంత శక్తి ఉన్నదన్న అంకె ప్రకటనలో బాగుంటుంది కాని, చేను గట్టున మిరప బస్తాలెత్తుకొని నిలిచిన బండికి దానితో పనిలేదు.

ఇక ఇంజన్ తరాల సంగతి. సెకండ్ హ్యాండ్ మార్కెట్టులో ఇప్పుడు దొరికే డీజిల్ పికప్‌లు స్థూలంగా మూడు కాలాలకు చెందినవి, ఆ కాలాలను విడదీసినవి పొగ నియంత్రణకు ప్రభుత్వం విధించిన భారత్ స్టేజ్ ప్రమాణాలు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-4 అమలులోకి వచ్చింది, ఆ తేదీ నుంచి బీఎస్-3 వాహనాలను అమ్మరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. అయిదును వదిలి నాలుగు నుంచి ఆరుకు దూకడం వల్ల డీజిల్‌లో ఉండదగిన గంధకం మోతాదు పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి దిగింది. వీటిలో 2017కు ముందరి బళ్ళలో ఎక్కువ భాగం యాంత్రిక పంపుతో నడిచేవి. ఇంజన్ తిరుగుడుతోనే పంపు తిరిగి, సన్నని గొట్టాల ద్వారా ఒక్కొక్క ఇంజెక్టరుకు డీజిల్ పంపుతుంది. ఎప్పుడు, ఎంత అన్నది స్ప్రింగులు, ప్లంజర్లే నిర్ణయిస్తాయి. టాటా 207 డీఐ, పాత బొలెరో డీఐ ఈ కోవకు చెందినవి. మొరటు శబ్దం, నల్ల పొగ, నింపాదిగా అందుకొనే వేగం వీటి లక్షణాలు. అయితే చేతి పనిముట్లతో విప్పి బిగించగలిగిన ఇంజన్లు కాబట్టి చిన్న ఊరి షెడ్డులో కూడా వీటికి వైద్యం దొరుకుతుంది.

తరవాతి తరం కామన్ రైల్. ఇందులో అధిక పీడన పంపు డీజిల్‌ను ఒక ఉమ్మడి గొట్టంలో నింపి ఉంచుతుంది. అక్కడి నుంచి ఏ సిలిండరుకు, ఏ క్షణంలో, ఎంత వదలాలన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయించి ఇంజెక్టర్లను విద్యుత్తుతో తెరుస్తుంది. మైలేజీ మెరుగు, శబ్దం తక్కువ, తక్కువ చుట్లలోనే టార్క్ ఎక్కువ. కాని ఇంజెక్టర్ రంధ్రాలు చాలా సన్ననివి కనుక డీజిల్‌లో నీటి చుక్క చేరినా, ఫిల్టరు దాటి నలుసు వెళ్ళినా నష్టం పెద్దది. తోటలో పంపుసెట్టుకు తెచ్చిన క్యానులో మిగిలిన డీజిల్‌ను బండి ట్యాంకులో పోసే అలవాటు యాంత్రిక పంపు కాలంలో చెల్లింది, కామన్ రైల్‌తో అది చెల్లదు. మూడో తరం బీఎస్-6 ఇంజన్లు కామన్ రైల్ మీదనే మరికొన్ని పరికరాలు చేర్చుకున్నవి. వాటిలో కొనేవారు తప్పక తెలుసుకోవలసినది పొగగొట్టంలోని మసి వడపోత, డీపీఎఫ్. అది మసిని పట్టి ఉంచి, పొగ బాగా వేడెక్కినప్పుడు దానిని లోలోపలే కాల్చి శుభ్రపడుతుంది. ఆ వేడి రావాలంటే బండి కొంతసేపు ఆగకుండా ఒక మాదిరి వేగంతో నడవాలి. చేనుకూ యార్డుకూ మధ్య నాలుగైదు కిలోమీటర్లు మాత్రమే తిరిగి రోజంతా ఆగుతూ సాగే బండిలో ఆ అవకాశం రాదు, మసి పేరుకుంటుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది, చివరకు ఇంజన్ తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది. అందుచేత కొత్త మోడల్ అయినంత మాత్రాన ప్రతి పనికీ మేలని అనుకోరాదు. బెంగళూరుకో హైదరాబాదుకో 44వ జాతీయ రహదారి మీద పరుగెత్తే బండికి బీఎస్-6 ఇంజన్ సరైన జోడి. ఊరి చుట్టూ తిరిగే బండికి అది అనవసరపు తలనొప్పి.

బండి ఏ తరానిదో అమ్మేవారి మాటను బట్టి కాక ఆర్‌సీని బట్టి తేల్చుకోవడం మంచిది. ఈ జిల్లాకు ఆ హెచ్చరిక ప్రత్యేకంగా వర్తిస్తుంది: బీఎస్-3 వాహనాలను బీఎస్-4గా చూపి రిజిస్టర్ చేయించారన్న ఆరోపణపై 2020లో అనంతపురం జిల్లాలో కేసులు నమోదై, అరెస్టుల దాకా వెళ్ళింది. నంబరు పలక కూడా కొంత చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే వరుసగా ఏపీ 39 మొదలైంది కనుక, అనంతపురం పాత కోడు ఏపీ 02తో ఉన్న బండి అంతకు ముందరిదని తెలుస్తుంది. దానితోపాటు ఎఫ్‌సీ లెక్క చూడాలి. రవాణా వాహనానికి ఎనిమిదేళ్ళ వయసు వరకు రెండేళ్ళకొకసారి, ఆ తరవాత ఏటేటా ఫిట్‌నెస్ ధ్రువపత్రం పొందాలన్నది నిబంధన. 2018లో రోడ్డెక్కిన బీఎస్-4 బళ్ళు 2026లో ఆ గీత దాటుతున్నాయి. ధర కాస్త దిగడానికి అదీ ఒక కారణం.

ఇంతవరకు చెప్పినవి ఏ ఊరికైనా వర్తించేవే. గుంతకల్లు పీఠభూమికి ప్రత్యేకమైనది నీరు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, వేసవిలో పగటి వేడి నలభై డిగ్రీలు దాటే చోట, ఇంజన్‌ను చల్లబరచే పని దానిని నడిపే పనంత ముఖ్యమైనది. రేడియేటరులో పోయవలసినది కూలెంట్, అంటే తుప్పును, మరుగుడును అరికట్టే రసాయనం కలిపిన శుద్ధజలం. పోస్తున్నది మాత్రం చాలా సందర్భాల్లో దారిలో దొరికిన బోరు నీళ్ళు. వందల అడుగుల లోతు నుంచి వచ్చే ఆ నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు, ఇంటి గిన్నెల అడుగున పట్టినట్టే, సిలిండరు చుట్టూ ఉన్న సందుల్లోనూ రేడియేటరు గొట్టాల్లోనూ పెళుసైన తెల్లని పొరగా పేరుకుంటాయి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. దాని వెనుక ఇనుము కాగి, హెడ్డు కింది గ్యాస్కెట్ కాలి, ఒక్కోసారి హెడ్డే వంగుతుంది.

దీనిని కనిపెట్టడానికి యంత్రశాస్త్రం చదవనక్కరలేదు. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు రేడియేటరు మూత తిప్పి తీసి, దాని లోపలి రబ్బరు వాషరును వేలితో తడిమి చూడాలి. ఆకుపచ్చగానో ఎర్రగానో జిగిగల ద్రవం అంటితే ఆ బండి యజమాని జాగ్రత్తపరుడు. గోధుమరంగు తుప్పు నీళ్ళు కనిపిస్తే సందేహించాలి. మూత అంచున సున్నపు పిండిలాంటి పొడి రాలితే ధరలో రేడియేటరు ఖర్చూ హెడ్డు పని ఖర్చూ కోసి బేరమాడాలి. నీళ్ళ మీద నూనె మెరుపు తేలితే బేరమే వద్దు. దానితోపాటు థర్మోస్టాట్ ఉందో లేదో అడగడం అవసరం. ఇంజన్ ఒక నిర్ణీత వేడికి చేరేవరకు నీటిని రేడియేటరుకు వెళ్ళనివ్వని చిన్న కవాటం అది. బండి కాగుతున్నదన్న భయంతో దానిని తీసిపారేయడం మన దేశంలో చాలా షెడ్లలో ఆనవాయితీ. తీసేస్తే వేసవి గండం గడిచినట్టే ఉంటుంది కాని, చలికాలపు తెల్లవారుజామున ఇంజన్ తగిన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, రింగులు త్వరగా అరుగుతాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. దుమ్ము సంగతీ ఇంతే. గాలి ఫిల్టరు పెట్టె విప్పి, ఫిల్టరు దాటిన వైపు గొట్టంలో వేలు పెట్టి చూసినప్పుడు నల్లరేగడి ధూళి అంటుకుంటే, ఆ ఇంజన్ ఎంతో కాలంగా మట్టి పీలుస్తూ సిలిండర్లను రుద్దుకుంటున్నదని అర్థం. మీటరులో కనిపించే కిలోమీటర్లు ఆ సంగతి చెప్పవు.

పొగ పరీక్ష పాతదే అయినా నమ్మదగినది. ఉదయం ఎవరూ ముట్టుకోకముందే వెళ్ళి చల్లని ఇంజన్‌ను స్టార్టు చేయించాలి. తాము వెళ్ళేసరికే బండి వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేసి ఉంచారో అడగాలి. మొదటి నిమిషపు తెల్లపొగ పెద్ద తప్పు కాదు, ఆగకుండా వస్తే ఇంజెక్టర్లనో గ్యాస్కెట్‌నో అనుమానించాలి. నీలిపొగ ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. ఇంజన్ ఆడుతుండగా ఆయిల్ పోసే మూతను వదులు చేసి పైన ఉంచితే, అది అక్కడే నిలవాలి. గాలి తోసి మూత ఎగిరిపడుతుంటే సిలిండరు పీడనం రింగులు దాటి కిందికి జారుతున్నట్టు, అంటే సిలిండర్ల బోరు పని దగ్గరపడినట్టు.

చిన్న తరగతి బళ్ళలో లెక్క కొంత మారుతుంది. 2005లో వచ్చిన టాటా ఏస్ 702 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో, 16 హార్స్ పవర్‌తో, నాలుగు గేర్లతో దేశపు సరుకు రవాణా పద్ధతినే మార్చింది. ఊళ్ళోని కిరాణా సరుకుకు, కూరగాయలకు, నీళ్ళ క్యానులకు అది సరిపోతుంది. దానిమీద తాడిపత్రి బండలు పేర్చితే మాత్రం తప్పు బండిది కాదు. ఈ తరగతిలో రాష్ట్రానికి ప్రత్యేకమైన ఇంకొక సరఫరా ఉంది. ఇంటింటికీ రేషన్ అందించడానికి 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 9,260 వాహనాలను రోడ్డెక్కించింది, వాటిలో టాటా ఏస్ గోల్డ్‌లూ మారుతి సూపర్ క్యారీలూ ఉన్నాయి. 2025 జూన్ నుంచి ఆ పద్ధతి ఆగింది. అటువంటి పని చేసిన బండి అమ్మకానికి వస్తే దాని మీటరులో కిలోమీటర్లు తక్కువే ఉండవచ్చు. వీధి వీధినా ఆగి, మొదటి గేరులో పాకి, మళ్ళీ ఆగిన బండి అది. ఇంజన్ నడిచిన గంటలు, క్లచ్ తొక్కిన సార్లు కిలోమీటర్లలోకి ఎక్కవు. ఇలాంటి బండిని పరీక్షించవలసినది ఇంజన్ వైపు నుంచి కాదు, క్లచ్ వైపు నుంచి.

ఆ మాటతో గేర్ల దగ్గరికి వచ్చినట్టే. ఇంజన్ పాడైతే అది పొగ రూపంలోనో శబ్దం రూపంలోనో బయటపడుతుంది. గేర్ బాక్సు, డిఫరెన్షియల్ మాత్రం తమ బాధను చాలాకాలం దాచుకోగలవు, అందుకే ఎక్కువమంది మోసపోయేది అక్కడ. ఇంజన్‌కూ గేర్ బాక్సుకూ మధ్య ఉండి రెండింటినీ కలిపేది, విడదీసేది క్లచ్ ప్లేటు. గేర్ బాక్సు నుంచి బలాన్ని వెనక్కి మోసేది జాయింట్ షాఫ్టు. వెనుక ఇరుసు మధ్య గుండ్రని పెట్టెలో ఉండి ఆ బలాన్ని మలుపు తిప్పి రెండు చక్రాలకూ పంచేది క్రౌన్, పినియన్ అనే పళ్ళ జంట. రైలింజన్‌లో చెప్పుకున్న 77:15 లెక్క పికప్‌లో ఈ జంటకు వర్తిస్తుంది. క్రౌన్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చే అంకె పెద్దదైతే బండి బరువు లాగేది, చిన్నదైతే రోడ్డు మీద పరుగెత్తేది. ఒకే కంపెనీ, ఒకే ఇంజన్‌తో వేర్వేరు మోత తరగతులను అమ్ముతుంది. 2023లో మహీంద్రా తెచ్చిన బొలెరో మాక్స్ పికప్ శ్రేణిలో ఒకే ఎం2డీఐ ఇంజన్ 200 న్యూటన్ మీటర్ల అమరికలోనూ, 220 న్యూటన్ మీటర్ల అమరికలోనూ వచ్చింది. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి పేరు చూసి కాక, ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు చూసి తరగతి తేల్చుకోవాలి.

ఏ సరుకు వేస్తామన్నది ముందే తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. బ్యాడగి మార్కెట్టుకు మిరప తీసుకుపోయే బండికి బరువు కంటే ఎత్తు పెద్ద సమస్య. తొట్టి మీద బస్తాలు మనిషెత్తు లేస్తే గాలి ఎదురు తోస్తుంది, పై గేరులో ఇంజన్ ముక్కుతుంది, అయిదో గేరు ఉన్నా నాలుగులోనే నడపవలసి వస్తుంది. సంతకు గొర్రెలను తోలే బండిలో సరుకు బతికి ఉంటుంది, మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, కనుక పొడవైన తొట్టి కంటే గట్టి కమాన్ కట్టలు, సాఫీగా పడే రెండో మూడో గేరు ముఖ్యం. చీనీ కాయలకు, అంటే బత్తాయిలకు, టమాటాలకు సమయం ముఖ్యం. బండలకు, సిమెంటుకు మొదటి గేరు ముఖ్యం. ఒకే బండి అన్నిటికీ పనికొస్తుందని అమ్మేవారు చెబుతారు. పనికొచ్చే మాట నిజమే కాని ప్రతి పనికీ క్రౌన్ పళ్ళ మీద పడే అరుగుదల వేరు.

పరీక్షకు సమమైన రోడ్డు మీద పోయే షికారు చాలదు, తొట్టిలో పదిహేను ఇరవై బస్తాలైనా వేయించాలి. అమ్మేవారు సణుగుతారు, సణగనివ్వాలి. హ్యాండ్ బ్రేకు వేసి, మూడో గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ కాలిన వాసన వస్తే ప్లేటు జారుతున్నట్టు. రెండో గేరులో వేగం అందుకొని ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు కడ్డీ తనంతట తాను న్యూట్రల్‌లోకి ఊడిపడితే లోపల హబ్బు, స్లీవు అరిగినట్టు. వేగం పుంజుకొనేటప్పుడు వెనుక నుంచి సన్నని కూత, వదిలేటప్పుడు వేరొక స్వరం వినిపిస్తే క్రౌన్ పినియన్ పని. బండి ఆపి, కింద దూరి, జాయింట్ షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పి చూస్తే ఎంత ఆట ఉన్నదీ తెలుస్తుంది. కొంచెం ఉండడం సహజం, చెయ్యి కదిలినంత మేర ఖాళీగా తిరిగితే సహజం కాదు. డిఫరెన్షియల్ అడుగు బోల్టు విప్పించి నాలుగు చుక్కల ఆయిల్ అరచేతిలో పట్టుకోవడం అన్నిటికంటే నిక్కమైన పరీక్ష. ఆయిల్ నల్లగా ఉంటే పాతది, అంతే. ఎండలో పెట్టి చూసినప్పుడు అందులో వెండి పొడిలాంటి మెరుపు కదిలితే పళ్ళు కరుగుతున్నాయి, వేళ్ళకు రవ్వలే తగిలితే ఆ ఇరుసు బతుకు అయిపోయింది.

ఆటోమేటిక్ గేర్ల విషయం త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే బాడుగ పికప్‌లలో అవి దాదాపు లేవు. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారం నుంచి వచ్చే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల ఆటోమేటిక్ ఉంది. 2022లో భారత మార్కెట్టుకు వచ్చిన టొయోటా హైలక్స్‌లోనూ ఉంది. హైలక్స్‌లో ఒక ఆసక్తికరమైన సంగతి: అదే 2.8 లీటర్ల ఇంజన్ మాన్యువల్ గేర్లతో 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌తో 500 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఇంజన్‌కు ఎంత సత్తా ఉన్నా, దాని వెనుక అమర్చిన గేరును బట్టి బయటికి వచ్చేది మారుతుందనడానికి ఇంతకంటే తేటైన నిదర్శనం అక్కరలేదు. అయినా ఇవి తోటలున్న ఆసామి సొంతానికి కొనే బళ్ళు. వీటి ఆటోమేటిక్ గేర్ బాక్సుకు గుంతకల్లు షెడ్డులో మరమ్మతు ఆశించడం అత్యాశ. నాలుగు చక్రాలకూ బలం అందించే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఈ నేలకు బరువు చేటే. వానలో నల్లరేగడి బంకలా పట్టుకొనే మాట నిజమైనా, అటువంటి రోజులు ఏడాదిలో కొద్ది. మిగిలిన రోజులన్నీ అదనపు షాఫ్టును, అదనపు పళ్ళపెట్టెను ఊరికే మోసుకు తిరగాలి. బంక పట్టే ఆ కొద్ది రోజుల్లో బండిని ఇంట్లో ఉంచి ట్రాక్టరును పిలవడం చౌక.

బండి ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంజన్ చరిత్రలో భాగమే. బళ్ళారి సరిహద్దు చేరువలో ఉన్న ఊరు కనుక కేఏ 34 నంబర్లు ఇక్కడ తరచుగా అమ్మకానికి వస్తాయి, డీజిల్ ధర కూడా కర్ణాటకలో తక్కువ కాబట్టి సరిహద్దు దాటి వచ్చిపోయే వ్యవహారం మామూలే. వాటికి ఎన్‌ఓసీ అనే నిరభ్యంతర పత్రం, పన్ను బదిలీ ఖర్చు కలిపి చూశాక గాని చౌకో కాదో తేలదు. ఇనుప ఖనిజపు గనుల చుట్టూ తిరిగిన బండి అయితే గాలి ఫిల్టరు పరీక్షను రెండుసార్లు చేయాలి. గాలిమరల పనులకు మనుషులను, పనిముట్లను చేరవేసిన డబుల్ క్యాబిన్ క్యాంపర్లు బయటికి మాసినట్టు కనిపించినా తరచుగా మంచి బేరాలు. అవి మోసింది తక్కువ, కంపెనీల లెక్కల్లో సర్వీసు తేదీలు నమోదై ఉంటాయి. కంతులు కట్టలేక ఫైనాన్సువారు తెచ్చిపెట్టిన సీజింగ్ బండి సంగతి వేరు. కంతుకు డబ్బు లేని మనిషి ఆయిల్ మార్చడానికి డబ్బు పెట్టి ఉండడన్నది కఠినమైన మాటే కాని, నిజానికి దగ్గరి మాట.

ఇన్ని షరతుల నడుమ గుంతకల్లు చుట్టుపక్కల వంద కిలోమీటర్ల లోపు బాడుగ తిప్పేవారికి తగినది 2017 ఏప్రిల్‌కూ 2020 మార్చికీ మధ్య రిజిస్టరైన బీఎస్-4 కామన్ రైల్ ఇంజను, అయిదు గేర్ల మాన్యువల్, రెండు చక్రాల డ్రైవు, క్రౌన్ ఆయిల్‌లో మెరుపు లేని బండి. మసి వడపోత బెడద లేకుండా ఆధునిక ఇంజన్ లాభాలు ఇచ్చే తరం అది ఒక్కటే. ఊళ్ళోనే తిరిగి, సొంత చేతులతో పని చేసుకోగలిగినవారికి యాంత్రిక పంపు బండి ఇప్పటికీ చెడ్డ బేరం కాదు, ఎఫ్‌సీకి ఏటా తిరిగే ఓపిక ఉండాలి. రాత్రంతా నడిచి తెల్లారేసరికి బెంగళూరు మార్కెట్టు చేరవలసినవారు మాత్రం బీఎస్-6కే వెళ్ళాలి. ఏది కొన్నా ఇంటికి తెచ్చిన మొదటి రోజునే రేడియేటరులోని బోరు నీళ్ళన్నీ దింపించి, లోపల కడిగించి, థర్మోస్టాట్ లేకపోతే పెట్టించి, కూలెంట్ పోయించండి. ఆ పని అయ్యేదాకా మొదటి బాడుగ ఒప్పుకోకండి.